ఏ జంతువు మోకాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

మోకాళ్ళ అరుగుదలకు ఇచ్చే ఇంజెక్షన్లను జంతువుల్లో పోల్చి చూసిన పరిశోధనల గురించి మీ ఆదివారం ఆరోగ్య పుటలో వచ్చిన వార్తను రెండుసార్లు చదివాను. స్టెరాయిడ్, హయలురోనిక్ యాసిడ్ (కీలు ద్రవానికి జిగురునిచ్చే పదార్థం), పీఆర్పీ (రక్తాన్ని తిప్పి వేరుచేసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ద్రవం), మూలకణాలు (ఇతర కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) అనే నాలుగింటిలో మూలకణాలదే పైచేయి అయిందని, అరిగిన గుజ్జు తిరిగి పెరిగిందని ఆ వార్త సారాంశం. అలాంటి ఫలితాలు చూపిన ప్రయోగాలు ఉన్న మాట నిజమే. అయితే అవి ఏ జంతువులో జరిగాయో, ఆ జంతువు వయసెంతో, ఎన్ని వారాలు గమనించారో, మేలు జరిగిందని దేనిని కొలిచి తేల్చారో ఆ వార్తలో ఒక్క ముక్క కూడా లేదు. పశువైద్య కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు పాథాలజీ బోధించి, కుందేళ్ళ, ఎలుకల, కుక్కల కీళ్ళను మైక్రోస్కోపు కింద చూస్తూ ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కనుక, ఈ లోటు ఎంత పెద్దదో చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను.

వెంటనే రాయాలనిపించడానికి కారణం మా అక్కయ్య. ఆమెకు 67 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోనిదే అడుగు పడదు, పూజ దగ్గర పీట మీద కూర్చోవడం మానేసి మూడేళ్ళయింది. మీ వార్తను కత్తిరించి, దానితోపాటు ఒక ప్రైవేటు క్లినిక్కు వారు ఇచ్చిన కరపత్రాన్ని కూడా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, గుజ్జు మళ్ళీ పెరుగుతుందట, పేపర్లో కూడా పడింది, వేయించుకోమంటావా?" అని అడిగింది. కరపత్రం ఒక్కటే అయితే ఆమె నమ్మేది కాదేమో. పత్రికలో పడ్డ మాటకు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్న విలువ అది.

ఆ కరపత్రంలో పక్కపక్కనే రెండు బొమ్మలున్నాయి. ఎడమవైపు బొమ్మలో కీలు అంచు వెలిసిపోయి, చీలికలు పడి ఉంది. కుడివైపు బొమ్మలో నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. కింద 'చికిత్సకు ముందు', 'చికిత్స తరువాత' అని రాసి ఉంది. ఆ ఎరుపు సఫ్రానిన్-ఓ అనే రంగుది. మనం మామూలుగా గుజ్జు అని పిలిచే మృదులాస్థిలో నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు ఉన్నంతమేరా ఆ రంగు గాఢంగా అంటుకుంటుంది, అవి పోయినచోట వెలవెలబోతుంది. కుడివైపు బొమ్మలో కీలు ఉపరితలానికి కాస్త కింద, ఎముక మధ్యలో అడ్డంగా మరో ఎర్రటి పట్టీ కూడా ఉంది. కణాలు నాణేల దొంతరల్లా ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే ఆ పట్టీ ఎముక పొడవు పెరిగే ఎదుగుదల పలక. కుందేలు మోకాలి దగ్గర అది అయిదు నెలలు దాటాక గానీ మూసుకుపోదు. మనిషిలో యుక్తవయసు ముగిసేసరికి మూసుకుపోతుంది. అంటే మా అక్కయ్య చేతిలో పెట్టిన బొమ్మ పెద్దవయసు మనిషి మోకాలిది కాదు; కుందేలుదే అయితే ఇంకా ఎదుగుతున్న పసి జంతువుది. ఎదిగే వయసులో కీలు తనంత తానుగా కూడా చాలా బాగుచేసుకుంటుంది.

ఇంకొక సంగతి. అలాంటి బొమ్మ తీయాలంటే కీలును మొత్తంగా కోసి బయటికి తీసి, ఫార్మలిన్‌లో ఉంచి, వారాల తరబడి ఈడీటీఏ ద్రావణంలో నానబెట్టి కాల్షియం పోగొట్టి, పారఫిన్ మైనంలో పోసి, 5 మైక్రాన్ల మందాన పొరలుగా కోయాలి. జంతువును చంపిన తరువాతే ఇదంతా సాధ్యం. కాబట్టి ఒకే మోకాలికి 'ముందు', 'తరువాత' అనేవి ఈ పద్ధతిలో ఉండనే ఉండవు. అవి రెండు వేర్వేరు జంతువుల మోకాళ్ళు. బాగున్నది, బాగా లేనిది ఎంపిక చేసి పక్కపక్కన పెట్టడం ఎవరి చేతిలోనైనా ఉన్న పని.

జంతువుల్లో ఇంజెక్షన్లను పోల్చేటప్పుడు ముందుగా చూడవలసింది కీలు పరిమాణం. మోకాలిలో మృదులాస్థి సగటు మందం కుందేలులో సుమారు 0.3 మిల్లీమీటర్లు, గొర్రెలో 0.4 నుంచి 0.5 వరకు, మేకలో 0.7 నుంచి 1.5 వరకు, గుర్రంలో 1.5 నుంచి 2 వరకు, మనిషిలో 2.2 నుంచి 2.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు; కీలు ద్రవంలో ఉన్న పోషకమైనా, మందైనా ఆ పొరలోకి ఊరుతూ దిగవలసిందే. కుందేలులో పైనుంచి అడుగుదాకా చేరే మందు, మనిషిలో ఏడెనిమిది రెట్లు మందంగా ఉన్న పొరలో ఎంత లోతుకు దిగుతుందన్నది వేరే ప్రశ్న. పైగా కుందేలు ఎప్పుడూ మోకాలు బాగా ముడుచుకునే కూర్చుంటుంది, గెంతుతూ నడుస్తుంది. మనలా కాలు నిటారుగా చాపి దాని మీద ఒంటి బరువంతా మోపదు.

తరువాత చూడవలసింది జబ్బును ఎలా తెప్పించారన్నది. మనుషుల్లో మోకాలి అరుగుదల ఇరవై ముప్పై ఏళ్ళపాటు వయసు, బరువు, పాత దెబ్బలు, వంశం, చేసే పని కలిసి తెచ్చే జబ్బు. ప్రయోగశాలలో అంత కాలం ఎవరూ ఆగలేరు. కుందేలులో మోకాలి లోపలి ముందు లిగమెంటును, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీని, కోసేస్తారు. కొన్ని వారాల్లోనే కీలు దెబ్బతినడం మొదలవుతుంది. కుక్కల్లో ఇదే పద్ధతిని పాండ్, నూకీ అనే ఇద్దరు 1973లో వివరించారు. చిట్టెలుకల్లో మెనిస్కస్‌ను, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగాన్ని, పట్టి ఉంచే బంధనాన్ని తెంచే పద్ధతిని గ్లాసన్ బృందం 2007లో స్థిరపరిచింది. ఎలుకల మోకాలిలోకి మోనో అయోడోఅసిటేట్ అనే రసాయనాన్ని ఎక్కించే పద్ధతి మరొకటి. అది మృదులాస్థి కణాలు చక్కెర నుంచి శక్తి తీసుకునే దారిని అడ్డుకుని వాటిని చంపేస్తుంది, రోజుల్లోనే నొప్పి మొదలవుతుంది. వీటిలో మొదటి మూడూ దెబ్బ తగిలిన కీళ్ళు, నాలుగోది విషం ఎక్కిన కీలు. డంకిన్-హార్ట్‌లీ జాతి గినీ పందుల్లో మాత్రం ఎవరూ ఏమీ చేయకుండానే వయసుతోపాటు మోకాలి అరుగుదల వస్తుంది, మన జబ్బుకు అదే దగ్గర. కానీ దానికి నెలల తరబడి మేపాలి, ఖర్చు ఎక్కువ, అందుకే అలాంటి ప్రయోగాలు తక్కువ. చిట్టెలుకల్లో మెనిస్కస్ పద్ధతి ఆడవాటి కంటే మగవాటిలో జబ్బును తీవ్రంగా తెస్తుంది కనుక చాలామంది మగవాటినే వాడతారు. మోకాళ్ళ అరుగుదల ఎక్కువగా బాధించేదేమో నడివయసు దాటిన స్త్రీలను. మా అక్కయ్య వయసుకు, శరీరానికి దీటైన జంతువు ఈ ప్రయోగాల్లో దాదాపు కనిపించదు.

మార్కులు వేసే పద్ధతి గురించి నా అనుభవంలోనిది ఒకటి చెబుతాను. కీలు ఎంత పాడైందో అంకెల్లో చెప్పడానికి ఎక్కువగా వాడేది 0 నుంచి 14 వరకు ఉండే మాన్కిన్ స్కోరు. దాన్ని 1971లో తయారుచేసింది మనుషుల తుంటి కీలు మృదులాస్థిని చూసి. అదే కొలమానాన్ని దశాబ్దాలపాటు కుందేళ్ళకు, ఎలుకలకు వాడుతూ వచ్చారు. ఒక్కో జంతువుకు తగిన పద్ధతులను అంతర్జాతీయ ఆస్టియోఆర్థరైటిస్ పరిశోధన సంఘం ప్రకటించింది 2010లో. ఒకసారి మా విభాగంలో నేను ఉదయం చూసి 5 వేసిన స్లైడుకే, దాని మీది చీటీ దాచి మా ప్రయోగశాల సహాయకుడు సాయంత్రం మళ్ళీ ఇస్తే 7 వేశాను. ఏ జంతువుకు ఏ మందు ఇచ్చారో తెలిసిన మనిషి చూస్తే ఆ రెండు మార్కుల తేడా ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. అందుకే స్లైడు చూసేవారికి ఆ సంగతి దాచారా లేదా అన్నది వార్తలో రావలసిన విషయం. ఒక్కో గుంపులో ఆరో ఎనిమిదో జంతువులు మాత్రమే ఉండే ఇలాంటి ప్రయోగాల్లో ఇద్దరు ముగ్గురు అతిథుల వల్ల భోజనాల లెక్క తప్పినట్టు, రెండు మూడు జంతువుల వల్లనే ఫలితం తారుమారవుతుంది. కొందరు ఒకే కుందేలు కుడి మోకాలికి మందు, ఎడమ మోకాలికి ఉప్పునీరు ఇచ్చి పోలుస్తారు. ఒక కాలు నొప్పి పెడితే ఆ జీవి బరువునంతా రెండో కాలి మీదికి మళ్ళిస్తుంది. అప్పుడు ఏ మోకాలినీ మామూలు మోకాలుగా లెక్కపెట్టలేము.

ఇక నొప్పి సంగతి. కుందేలు వేటాడబడే జీవి, నొప్పిని బయటపెట్టకపోవడం దాని స్వభావం. ఎలుకల్లో ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో తూచి నొప్పిని అంచనా కడతారు. మనిషిని అడిగితే చెబుతాడు. కీలు బొమ్మ బాగుపడటం, నొప్పి తగ్గడం రెండూ ఒకటే అనుకోవడం ఈ విషయంలో అందరూ చేసే పెద్ద పొరపాటు. దీనికి సాక్ష్యంగా మృదులాస్థిని పెంచే స్ప్రిఫెర్మిన్ అనే ప్రోటీను ఇంజెక్షను ఉంది. ఎలుకల్లో మంచి ఫలితాలు చూపాక దానిని 549 మంది మనుషుల్లో పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో రెండేళ్ళకు మృదులాస్థి మందంలో 0.05 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. నొప్పిలో మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షను తీసుకున్నవారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మీ వార్తలో అన్నిటికంటే ముఖ్యమైన మాట 'పోల్చి చూస్తే' అన్నది. ఈ నాలుగు ఇంజెక్షన్లను ఒకే చోట, ఒకే జాతి జంతువుల్లో, ఒకే సమయంలో ముఖాముఖి పోల్చిన ప్రయోగాలు కొద్ది. ఎక్కువ భాగం ఒక్కో మందును ఉప్పునీటితో పోల్చినవి. ఒక దేశంలో కుందేళ్ళకు లిగమెంటు కోసి పన్నెండు వారాలు చూసిన పీఆర్పీ ఫలితాన్ని, మరో దేశంలో ఎలుకలకు రసాయనం ఎక్కించి రెండు వారాలు చూసిన స్టెరాయిడ్ ఫలితాన్ని గణాంక పద్ధతితో ఒకే వరసలో నిలబెట్టి ఒకటో స్థానం, రెండో స్థానం ఇస్తారు. గుంటూరు యార్డులో కిలోలతో తూచిన మిర్చినీ, ఎక్కడో వీశెలతో తూచిన మిర్చినీ తేమ శాతం చూడకుండా ఒకే ధరకు కట్టినట్టుంటుంది ఇది. పైగా పీఆర్పీ అన్నది ఒక మందు పేరు కానే కాదు. రక్తాన్ని ఎంత వేగంతో ఎంతసేపు తిప్పారు, తెల్లకణాలను ఉంచారా తీశారా అన్నదాన్ని బట్టి ప్రతి సీసా వేరే మందు. చిన్న జంతువుల నుంచి సరిపడా రక్తం రాదు కనుక చాలా ప్రయోగాల్లో వేరే జంతువు రక్తంతో దాన్ని తయారుచేస్తారు. క్లినిక్కులో ఇచ్చేదేమో రోగి సొంత రక్తానిది. మేలు కనిపించని ప్రయోగాలు అచ్చులోకి రాకుండా సొరుగుల్లో ఉండిపోవడం వల్ల వరస మొత్తం ఆశావహంగా కనిపిస్తుంది. జంతు ప్రయోగాల వివరాలు దాచకుండా రాయాలని బ్రిటన్‌లో 2010లో 'అరైవ్' మార్గదర్శకాలు, వాటిలోని పక్షపాతాన్ని బేరీజు వేయడానికి నెదర్లాండ్స్‌లో 2014లో 'సర్కిల్' కొలమానం వచ్చింది ఇందుకే. ప్రాణం తీసి చేసిన ప్రయోగాన్ని పూర్తిగా, నిజాయితీగా చెప్పడం ఆ జీవానికి మనం పడ్డ ఋణం అని నా నమ్మకం.

ఒకే రకం మందులు కూడా ఒకేలా పనిచేయవని మా పశువైద్యులకు గుర్రాలు నేర్పాయి. 1990లలో అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో గుర్రాల ముందు కాలి కీలులో చిన్న ఎముక ముక్కను వేరుచేసి, పరుగెత్తించి, స్టెరాయిడ్లను పరీక్షించారు. పశువుల్లో మనం మోకాలు అని పిలిచే ఆ కీలు నిజానికి మన మణికట్టుతో సమానమైనది, అది వేరే సంగతి. ట్రయామ్సినొలోన్ ఇచ్చిన గుర్రాల్లో కీలు మెరుగ్గా ఉంది. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇచ్చినవాటిలో మృదులాస్థి దెబ్బతిన్నది. రెండూ స్టెరాయిడ్లే. సరే, ట్రయామ్సినొలోన్ మంచిదని మనుషులకు మూడు నెలలకొకసారి రెండేళ్ళపాటు ఇచ్చి చూశారు; 140 మందితో బోస్టన్‌లో జరిగిన ఆ పరీక్ష 2017లో వెలువడింది. స్టెరాయిడ్ తీసుకున్నవారిలో మృదులాస్థి 0.21 మిల్లీమీటర్లు, ఉప్పునీరు తీసుకున్నవారిలో 0.10 మిల్లీమీటర్లు తగ్గింది. నొప్పిలో తేడా లేదు. గుర్రంలో కాపాడిన మందే మనిషిలో అరుగుదలను పెంచింది.

హయలురోనిక్ యాసిడ్ కథ కూడా పశువుల నుంచే మొదలైంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని పశువు కంటి గుడ్డులోని ద్రవం నుంచి వేరుచేశారు; తరువాత కోడిపుంజుల జుట్టు నుంచి తీసి పందెపు గుర్రాల కీళ్ళలోకి ఎక్కించారు, ఆ తరువాత మనుషులకు. 169 పరీక్షలను కూడి 2022లో ప్రచురించిన విశ్లేషణలో, పెద్ద పరీక్షలను మాత్రమే చూసినప్పుడు, ఉత్తుత్తి ఇంజెక్షనుకు దానికి నొప్పిలో తేడా 100 మార్కుల కొలబద్ద మీద 2 మార్కులు. పీఆర్పీని ఆస్ట్రేలియాలో 288 మందిలో ఏడాదిపాటు చూస్తే, 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఉప్పునీటి కంటే నొప్పిలోగానీ మృదులాస్థిలోగానీ మెరుగు లేదు. మూడు రకాల కణ చికిత్సలను స్టెరాయిడ్‌తో పోల్చిన అమెరికా పరీక్ష 2023లో వచ్చింది; 475 మందిలో ఏడాది తరువాత ఏ కణ చికిత్సా స్టెరాయిడ్‌ను మించలేదు. మీ వార్తలో జంతువుల వరసలో పైనున్న మందుకు మనుషుల్లో దొరికిన జవాబు ఇది.

మూలకణాల మీద నాకు కోపమేమీ లేదు. 2003లో మేకల మోకాళ్ళలో మెనిస్కస్ తీసేసి, లిగమెంటు కోసి, ఆరు వారాల తరువాత వాటి సొంత మూలకణాలను ఎక్కించిన ప్రయోగాన్ని చదివినప్పుడు నేను ఎంత సంతోషించానో నాకు గుర్తుంది. మెనిస్కస్ వంటి కణజాలం తిరిగి వచ్చింది, కీలు అరుగుదల తగ్గింది. అయితే కొత్తగా వచ్చిన కణజాలంలో ఎక్కించిన కణాలు కొద్దిగానే కనిపించాయి. అవి అక్కడే గుజ్జుగా మారడం కంటే, చుట్టుపక్కల కణాలకు రసాయన సంకేతాలిచ్చి వెళ్ళిపోతాయన్నదే ఇప్పటి అవగాహన. మన దేశంలో బెంగళూరు సంస్థ ఒకటి దాతల ఎముక మజ్జ నుంచి పెంచిన కణాలతో తయారుచేసిన మందుకు, మనుషుల్లో పరీక్షించిన తరువాత, 2022లో ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఇచ్చారు. పరీక్షించి అనుమతి పొందిన మందు వేరు, క్లినిక్కులోనే పొట్ట కొవ్వు తీసి వడగట్టి అదే పూట మోకాలిలోకి ఎక్కించేది వేరు. అనుమతి లేని మూలకణ చికిత్సలను పరిశోధనగా తప్ప చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మా అక్కయ్యకు కరపత్రం ఇచ్చినవారు ఈ రెండోదే చేస్తామన్నారు. మీ వార్త ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచింది.

ఆమెకు నేను చెప్పిన సలహాలో ఇంజెక్షను లేదు. అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు స్టెరాయిడ్ ఇంజెక్షను, మరో గుంపుకు ఫిజియోథెరపీ ఇచ్చి ఏడాదిపాటు చూసిన పరీక్ష 2020లో వెలువడింది. ఏడాది చివర నొప్పిలోనూ, నడకలోనూ ఫిజియోథెరపీ గుంపే మెరుగ్గా ఉంది. ఇది మనుషుల మోకాలిలో, ముఖాముఖి జరిగిన పోలిక. ఇప్పుడు అక్కయ్య రోజూ ఉదయం కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టేదాకా నిలిపి దించుతోంది. తొడ కండరం కాస్త బలపడింది. మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటూనే ఉంది.

మీకు నా విన్నపం ఇది. జంతువుల్లో జరిగిన ప్రయోగాల వార్త వేసినప్పుడు శీర్షికలోనే ఆ జంతువు పేరు వేయండి. వార్త మొదటి పేరాలో ఎన్ని జంతువులు, ఎంత వయసువి, జబ్బును ఎలా తెప్పించారు, ఎన్ని వారాలు చూశారు, కొలిచింది కణజాలాన్నా నొప్పినా అన్నది రాయండి. అదే మందును మనుషుల్లో పరీక్షించి ఉంటే ఆ ఫలితాన్ని కూడా ఆ వార్తలోనే చేర్చండి. ఆదివారం వార్తకు ఈ వివరాలతో ఒక సవరణ వేస్తే, దాన్ని కత్తిరించి మా అక్కయ్య దాచుకున్న మొదటి ముక్కకు జత చేసి ఇస్తాను.

భవదీయుడు,
పశువైద్య పాథాలజీ విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి